సంచిలో చైనా పుస్తకాలు

కిరందుల్ కొండల మీద ఇనుప రాయి తవ్వడానికి చైనా మిషన్లు దిగుతున్న రోజులవి. మిషన్లతో పాటు వాటిని బిగించే చైనా మేస్త్రీలూ వచ్చారు. వాళ్ళకు హిందీ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. వాళ్ళ తిండీ తిప్పలూ కనుక్కుంటూ నాలుగు మాటలు అటూ ఇటూ చేరవేసే మనిషి కావాలని జగదల్‌పూర్‌లో ఓ ప్రైవేటు కంపెనీ అడుగుతోందని తెలిసి, రైల్వే గ్యాంగ్‌మన్ రామ్మూర్తి కూతురు గంగారత్నం తనకు చైనా భాష వచ్చని దరఖాస్తు పెట్టేసింది. నిజానికి అప్పటికి ఆమెకు ఒక్క ముక్క రాదు.

ఆ తర్వాత భయం పట్టుకుంది. భద్రాచలంలో మేనత్త ఇంటికి వెళ్ళి, పాత పుస్తకాల కొట్లో వెతికి, గురువు లేకుండా చైనా మాటలు నేర్పే పుస్తకాలు రెండు సంపాదించింది. ఒకదాంట్లో మాటలన్నీ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. రెండోది ఇంగ్లీషుది, పేజీ నిండా గీతలు గీతలుగా చైనా అక్షరాలు. అంట్లు తోముతూ, బట్టలారేస్తూ గొణుక్కుని చాలా పాఠాలే కంఠతా పట్టింది. కానీ తను పలికేది సరో కాదో చెప్పే దిక్కు లేదు. ఇంటర్వ్యూ ముందు రోజు సరిహద్దు ఊరు కొంటాలో జగదల్‌పూర్ బస్సెక్కినప్పుడు కూడా పెదవులు కదులుతూనే ఉన్నాయి.

అడవి మధ్య పోలీసు నాకా దగ్గర బస్సు ఆపి అందరినీ దింపారు. భీమే అనే లేడీ కానిస్టేబులు ఆడవాళ్ళ సంచులు చూస్తోంది. ఆ చుట్టుపక్కల దోర్ల తెగ పిల్లే. ఆమె గంగారత్నం సంచిలో చీరల కింద చెయ్యి పెట్టి ఇంగ్లీషు పుస్తకం తీసింది. ఆ అక్షరాలు చూడగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇదేంది?" అంది మెల్లగా.

"చైనా బాస, అక్కా. నేర్చుకుంతన్నాను."

ఆ మాట బయటికి వచ్చాక గానీ, నక్సలైట్ల కోసం గాలించే అడవిలో నిలబడి ఏ దేశం పేరు చెప్పిందో గంగారత్నానికి తట్టలేదు. భీమే రెండు పుస్తకాలూ తీసుకుని ఆమెను రేకుల షెడ్డులోకి నడిపించింది. కాసేపటికి బస్సు కదిలిన చప్పుడు వినిపించింది.

షెడ్డులో ఉన్న ఇన్‌స్పెక్టరు కసరలేదు, అరవలేదు. దాంతో ఆమెకు ఇంకా భయం వేసింది. తెలుగు పుస్తకం తిరగేసి, ఆమె పెన్సిలుతో గీతలు గీసుకున్న వాక్యాలకు హిందీలో అర్థం చెప్పమన్నాడు. గంగారత్నం చెప్పడం మొదలుపెట్టింది. మీరు ఎంతమంది వచ్చారు. రాత్రికి ఎక్కడ ఉంటారు. ఈ దారి ఎటు పోతుంది. సామాను ఎప్పుడు చేరుతుంది. ప్రయాణికుల కోసం రాసిన పాఠం అది. ఒక్కో వాక్యం చెబుతుంటే అది తన మెడకే చుట్టుకుంటున్నట్టుంది. "సామాను అంటే బట్టలు, సార్" అని ఎవరూ అడగకుండానే చెప్పి, అనవసరంగా చెప్పానని మరింత బెదిరింది.

ఇంటర్వ్యూకి వెళ్తున్నానని ఆమె చెబితే కంపెనీకి ఫోన్ చేశారు. అక్కడి గుమాస్తా అలాంటి పేరు తనకు తెలియదన్నాడు. గంగారత్నానికి, తండ్రికి కబురు పంపుతారేమో, ఆయన ఉద్యోగం ఏమవుతుందోనని ఒకటే గుబులు. ఇన్‌స్పెక్టరు కాస్త ఆలోచించి, గెస్ట్‌హౌస్‌లో ఉన్న చైనా మేస్త్రీలలో ఎవరినైనా పిలవమన్నాడు. లిన్ అనే పెద్దమనిషి ఫోన్లోకి వచ్చాడు. ఇన్‌స్పెక్టరు స్పీకరు పెట్టి ఫోను ఆమె ముందుకు జరిపాడు.

"మాట్లాడు," అన్నాడు హిందీలో.

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఒక చైనా మనిషితో మాట్లాడడం అదే మొదలు. తన పేరు చెప్పింది. అవతలాయనకు అర్థం కాలేదు. ఊరు చెప్పింది. అదీ అర్థం కాలేదు. మళ్ళీ గట్టిగా చెప్పింది. ఆయన ఏదో అడిగాడు, ఆమెకు తెలియలేదు. పుస్తకంలో మాటలున్నాయి గానీ వాటి రాగం లేదు. ఇన్‌స్పెక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. తలుపు దగ్గర భీమే నేల చూపులు చూస్తోంది.

అప్పుడు లిన్, పసిపిల్లతో మాట్లాడినట్టు విడదీసి అన్నాడు: "నీ... చ్ర ఫాన్... ల మా?"

భోంచేశావా అని. తెలిసిన మాట. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని గంగారత్నానికి అప్పుడే గుర్తొచ్చింది.

"మేయ్ చ్ర," అంది. తినలేదు.

అవతల ఆయన "ఓ" అని నవ్వి, గబగబా ఇంకేదో చాలాసేపు చెప్పుకుపోయాడు.

"ఏమంటున్నాడు?"

ఏదో ఒకటి కల్పించి చెబుదామనుకుంది. ధైర్యం చాలలేదు. "తిన్నావా అని అడిగారు సార్. తినలేదన్నాను. ఆ తర్వాత చెప్పింది నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు."

చైనా వాళ్ళతో మంతనాలాడే మనిషికి ఈ భాష చాలదని ఇన్‌స్పెక్టరుకు తేలిపోయింది. తర్వాత ఫోను పెట్టేసి, తెలుగు పుస్తకం ఇచ్చేశాడు. ఇంగ్లీషుది పైవాళ్ళకు చూపించాలని ఉంచుకున్నాడు. పేరు, తండ్రి పేరు రాసుకుని వెళ్ళమన్నాడు.

భీమే రోడ్డు మీద ఇంకో బస్సు ఆపింది. ఎక్కించేటప్పుడు చెవి దగ్గర అంది: "నేను హిందీ నేర్చినప్పుడు కూడా అందరూ నవ్విండ్రు. పో. పుస్తకం కింద దాచకు. దాస్తేనే అడుగుతరు."

సుక్మా ముందు మళ్ళీ తనిఖీ. జవాను బస్సెక్కాడు. అతను తన సీటు దాకా రాకముందే గంగారత్నం పుస్తకం తీసి, అట్ట కనబడేలా చాపింది. అతను చూసి, ఆమెను చూసి, ముందుకు వెళ్ళిపోయాడు.

మర్నాడు ఇంటర్వ్యూలో ఆమె తనకు భాష రాదని, నేర్చుకుంటున్నానని నిజం చెప్పేసింది. ఆఫీసరు ముఖం చిట్లించాడు. పక్కన కూర్చున్న లిన్ మాత్రం ఆ గొంతు గుర్తుపట్టి నవ్వుతూ ఆఫీసరుతో ఏదో అన్నాడు. నెల రోజులు చూద్దామని పనిలో పెట్టుకున్నారు. నాకా సంగతి ఆమె తండ్రికి చెప్పలేదు. రైల్వే క్వార్టర్ ముందు జీపు ఆగిన చప్పుడైతే చాలు, పోలీసులేమోనని ఆ ఏడాదంతా చేతిలో పని వదిలేసి వినేది.