పన్నెండో పాట

ముప్పై సెకన్లు నడిచిందో లేదో, వేలు దానంతటదే మీట నొక్కి పాట ఆపేసింది. పాటల గుమాస్తా హెడ్‌ఫోన్స్ పక్కకు జరిపి కాగితం మీద టిక్కు పెట్టాడు. రేడియో స్టేషన్లో ఇరవై ఆరేళ్లుగా ఆయన పని ఇదే. వచ్చిన పాటలు విని ఏవి ప్రసారం చెయ్యాలో తేల్చాలి, ఏడాది చివర వాటిలో మేలైన పన్నెండింటిని ఏరి గంటన్నర కార్యక్రమం కూర్చాలి. సినిమా పాట, శాస్త్రీయం, పొలం పాట, కుర్రకారు గిటార్ల హోరు, జోలపాట, అన్నీ ఉండాలి.

పాట సంగతి అర నిమిషంలో తేలిపోతుందని ఆయన ధీమా. ఆఫీసులో వేళాకోళానికి 'చెవిగారు' అని పిలుస్తుంటే, ఆయన దాన్ని బిరుదులా మోసేవాడు. ఇంటావిడ మాత్రం, "నా మాటా అంతేగా, మొదటి ముక్క విని ఊ కొట్టేస్తారు," అనేది.

పదకొండు కుదిరాయి. పన్నెండోదాని కోసం, వద్దన్నవాటి పెట్టె ముందేసుకున్నాడు. చేతికందింది ఒక క్లారినెట్ రికార్డింగు. పెళ్లి బ్యాండులో వాయించే ఆయనెవరో పంపాడు. మొదట్లో అంతా ఒకటే స్వరం, గొంతు సవరించుకుంటున్నట్టు. ఆపబోతుంటే టీ వచ్చింది. గ్లాసు అంచుదాకా నిండి ఉండటంతో రెండు చేతులా పట్టుకోవలసి వచ్చింది.

నిమిషం దాటాక ఆ ఒంటి స్వరం మెల్లగా విప్పుకుంది. చీకట్లో తడుముకుంటూ వచ్చిన మనిషికి తలుపు గడియ దొరికినట్టయింది. ఆ తర్వాత ఆరు నిమిషాలు చెవిగారు కదల్లేదు. టీ చల్లారిపోయింది. ఆ ఏడాది వచ్చిన నాలుగొందల పాటల్లో దీని కాలిగోటికి సరిపోయేది లేదనిపించింది. అసలు మిగతావి మాత్రం ఎక్కడ విన్నాడు గనక?

కవరు మీద ఎర్ర సిరాతో 'వద్దు' అని తన దస్తూరీయే. దానికి గుచ్చిన కాగితం, తాను సంతకం పెట్టి పంపిన ఉత్తరం నకలు. 'మీ వాద్యాన్ని ఆసాంతం శ్రద్ధగా విన్నాం. ఎంపికకు తగినట్టు లేదు.' అందరికీ వెళ్లే అచ్చు ముక్కే. గదిలో ఎవరూ లేకపోయినా తల వంచుకున్నాడు.

కవరు మీదున్న నంబరుకు ఫోన్ చేశాడు. కూతురు ఎత్తింది.

"రేడియో స్టేషన్ నుంచమ్మా. నాన్నగారున్నారా?"

"నాన్న పోయి రెండు నెలలైందండీ. నిద్రలోనే."

రెండు ముక్కలు పరామర్శించి పెట్టేయొచ్చు. పెట్టేద్దామనే అనుకున్నాడు. కానీ నోరు వేరే మాట అంది. "ఈ ఏడు మేలైన పన్నెండింట్లో మీ నాన్నగారిది వేస్తున్నాం."

"అప్పుడు బాలేదన్నారుగా?" ఆ గొంతులో నిష్ఠూరం లేదు, అర్థంకాక అడిగింది. "మీ ఉత్తరం వచ్చాక నాన్న మళ్లీ వాయించలేదండీ. అంత తెలిసినాయన ఆసాంతం విని చెప్పాక ఇంకేముందమ్మా అన్నాడు."

"వినలేదమ్మా. అర నిమిషానికే ఆపేశాను. విన్నానని అబద్ధం రాశాను."

తిట్టినా బాగుండునని ఆయన ఎదురుచూశాడు. ఆమె తిట్టలేదు.

"ఎప్పుడు వేస్తారు?"

"ఆదివారం పొద్దున పదింటికి."

"మొత్తం వేస్తారా?"

చెవిగారికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. "మొత్తం, తల్లీ." ఆ క్లారినెట్ ఇప్పుడు ఎవరైనా వాయిస్తున్నారా అని అడిగాడు.

"లేదండీ, గోడకి తగిలించి ఉంది. నోట్లో పెట్టుకునే చోట నాన్న పంటిగాట్లు రెండున్నాయి. వాటిలో దుమ్ము చేరకుండా రోజూ తుడుస్తుంటాను."