వంకకు అడ్డంగా రాళ్ళు

కోటమ్మ చేటలో రాగులు చెరుగుతూ ఉండగా కింది చేల వైపు నుంచి మిషను రొద వినిపించింది. చేట పక్కన పెట్టి, గట్టెక్కి చూసింది. భూస్వామి వెంకటరామప్ప చేలో నల్లటి ఒండ్రును తోడి టిప్పర్లలో పోస్తున్నారు. హోసూరు దగ్గర ప్లాస్టిక్ పందిళ్ళ కింద గులాబీలు పెంచే కంపెనీకట.

అంచెట్టి కొండల్లో మన్ను ఒకచోట ఉన్నట్టు ఇంకొకచోట ఉండదు. పైన పేదల చేలన్నీ గరుసు నేల, నాగలి పెడితే రాయి పలుకుతుంది. కింద మోకాటిలోతు ఒండ్రు. ఆ ఒండ్రు ఎక్కడిది? వానవానకూ పైచేలను కోసుకుంటూ కొండ మీంచి పారే వంక దింపినదే. అందుకే తాతలనాటి కట్టుబాటు ఒకటుంది: పైవాళ్ళు మన్ను ఆగేలా వంకకు రాళ్ళు అడ్డం వేయకూడదు, భూస్వామి చేని గట్లు కూలి లేకుండా వేసిపెట్టాలి. బదులుగా ఎండాకాలంలో తమ మన్ను తాము గంపలతో పైకి మోసుకోవచ్చు. ఆ మన్ను పడకపోతే పైన రాగి మొలవదు. కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ ఆ గంప బరువు కోటమ్మ మెడకు తెలుసు.

ఊరు ఊరంతా కిందికి దిగింది. ముందు ఆమె మామ అంజనప్ప.

"ఏం సామీ, మా మన్ను అమ్ముకుంటా ఉండావే?"

"నా చేన్లో ఉండేది నీ మన్నా? పట్టా ఎవురి పేరున ఉండాదో పోయి చూస్కో."

"నా గొర్రె నీ దొడ్లోకి వస్తే కోసుకుని తింటావా?"

జనం గొల్లుమన్నారు. వెంకటరామప్ప మొహం మాడిపోయింది.

"దించింది వాన. పోయి దాన్నే అడుక్కో!"

"అడగము సామీ. ఇంక దించనీము."

ఆ సాయంత్రానికి అది ఊరి మాటైంది.

"వంకకు అడ్డమేస్తే సామి పనికి పిలవడమ్మా," అంది పక్కింటి నళిని.

"పిలిచి ఏమిచ్చినాడు? గట్టు పనికి ఎన్నడన్నా కూలి చూసినావా?" అంది కోటమ్మ. "రాళ్ళు మాత్రం దేవుడు మనకేం తక్కువ చేయలేదులే!"

వంకకు అడ్డంగా ఊరివాళ్ళు పేరుస్తున్న రాళ్ళ గోడ నడుమెత్తు లేచిన నాడు పోలీసులు వచ్చారు. నీళ్ళకు అడ్డం కట్టాడని అంజనప్పను జీపెక్కించారు.

కోటమ్మ మొగుడు మునెప్ప వెంకటరామప్ప దగ్గర జీతగాడు. ఇన్నాళ్ళూ గోడకు ఒక్క రాయీ ఎత్తలేదు. ఆ సందెవేళ గడ్డపారతో ఇంటికొచ్చాడు.

"గోడ పడగొడితే సామి నాయన్ను ఇప్పుడే విడిపిస్తాడంట," అన్నాడు నేల చూస్తూ.

"మామను చూసినావా?"

"చూసినాను. కొట్టినారు. మూతి వాచింది."

"ఏమన్నాడు?"

"గోడ యాడిదాకా వచ్చిందిరా అన్నాడు." మునెప్ప గడ్డపార మూలన పెట్టి కూర్చున్నాడు. "తెలీదన్నాను."

కోటమ్మ సంగటి పెట్టింది. అతడు ముట్టలేదు. వంక దగ్గర గోడ కడుతున్న లింగయ్య అరుస్తున్నాడు: "ఈ బండ కదల్లేదప్పా! ఎవురింట్లో అన్నా గడ్డపార ఉంటే తేండి!"

మునెప్ప లేచి గడ్డపార అందుకున్నాడు. కోటమ్మ గడపకు అడ్డం నిలబడింది. అతడు తలెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు. ఆమె పక్కకు తొలగింది. గోడ నిలిస్తే పెద్దాయన ఈ రాత్రి ఇల్లు చేరడని ఇద్దరికీ తెలుసు.

గడ్డపార భుజాన వేసుకుని, మునెప్ప "తెస్తా ఉండా!" అని బదులు కేకేసి, లింగయ్య కేక వచ్చిన వైపు నడిచాడు.