అప్పడాల కర్ర కాబోయి

నేను ఒక గాజుల కర్రను. మూరెడు పొడవు, సన్నని నడుము, ఒళ్ళంతా ఎర్ర లక్క. అనకాపల్లిలో ఒక కొత్త జంట గదిలో, అద్దం కింద రెండు కొక్కేల మీద హాయిగా పడుకుని ఉన్నాను. పుట్టవలసింది మాత్రం అప్పడాల కర్రగా.

అంతకు ముందు కొండ మీద అంకుడు కొమ్మను. ఏటికొప్పాక అప్పలాచారిగారు నన్ను కోసి, నెలల తరబడి నీడన ఆరబెట్టి, గోనెసంచిలో వేసుకుని విశాఖపట్నంలో చెక్కపని యంత్రాల ప్రదర్శనకు తెచ్చారు. ఆయనది తాడు లాగితే చెక్కను గిర్రున తిప్పే పాతకాలపు తరిమెన. మనుషులు చప్పుడు ఎక్కువ చేసేవాటి చుట్టూ మూగుతారు. మా మూలకు వచ్చినవాళ్ళంతా టీ ఎక్కడ దొరుకుతుందని అడగడానికే వచ్చారు.

రెండో రోజు ప్రసూన వచ్చింది. పెళ్ళయి తొమ్మిది రోజులు. భర్త ఉదయ్‌కి ఫర్నిచర్ దుకాణం ఉంది. రంపం మిషను చూడటానికి వస్తూ ఆమెనూ వెంటబెట్టుకొచ్చాడు. ఎగ్జిబిషన్ అనగానే అతని తల్లి నాగరత్నంగారు కూడా కారెక్కేశారు.

"రంగులరాట్నం ఉంటాదనుకున్నాన్రా. మిరపకాయ బజ్జీ అయినా నేదు!" అని ఆవిడ గేటు దగ్గర నుంచీ సణుగుతూనే ఉన్నారు.

ప్రసూనకు ఆ సణుగుడు వినిపించలేదు. ఎదుటి స్టాలులో కరెంటు తరిమెన తిరుగుతోంది. ఉలి ఆనగానే చెక్క రిబ్బన్లలా లేస్తోంది. చతురస్రపు ముక్క కళ్ళముందే గుండ్రని గిన్నె అవుతుంటే ఆమె చప్పట్లు కొట్టేసింది. "నేనూ చేస్తానండీ!" అంది.

"గాజులు తీసేసి రండి మేడమ్. చిక్కుకుంటే చెయ్యి పోద్ది," అన్నారు మిషను నడిపే ఆయన.

ఆమెకు మోచేతుల దాకా పెళ్ళి గాజులు.

"పదార్రోజుల పండగ అవకుండా గాజు తియ్యడమేటి! సాల్లే, రామ్మా," అన్నారు అత్తగారు.

ప్రసూన బుద్ధిగా తలూపింది. మిషను ఆయన చేతికిచ్చిన కాగితం మాత్రం జాగ్రత్తగా మడిచి పట్టుకుంది. ఆదివారాలు తరిమెన పని నేర్పుతారని అందులో ఉంది. ముఖం చిన్నబుచ్చుకుని మా మూలకు వచ్చి నిలబడింది.

"గాజులుంటే దీని దగ్గరికి కూడా రాకూడదా తాతగారూ?"

"దీనికా!" అని నవ్వారు అప్పలాచారిగారు. "లాగితే తిరుగుద్ది, ఆపితే ఆగుద్ది. నీ గాజుల్ని ఇదేటి సేస్తాది? పైకి తోసి గుడ్డ సుట్టుకో. కూకోమ్మా. అప్పడాల కర్ర సేద్దాం."

అలా నేను తరిమెన ఎక్కాను. నా చుట్టూ తాడు చుట్టారు. తాడు పట్టుకున్నది ఉదయ్. "సెక్క నీ వైపు తిరిగినప్పుడే ఉలి ఆనించు, ఎనక్కి పోయేటప్పుడు తీసెయ్," అని తాత చెబుతూనే ఉన్నారు, కానీ అప్పుడే రంపాలు చూసి వచ్చిన ఉదయ్ ఆవేశంగా ఒక్క లాగు లాగాడు. ఉలి నా నడుములోకి దిగింది.

"అయ్యో, పాడు చేసేశాను!"

"నువ్వు కాదు, నేనే!"

తప్పు నాదంటే నాదని కొత్త దంపతులు పోటీ పడ్డారు. దెబ్బ తగిలిన నన్ను ఎవరూ పలకరించలేదు.

"లెగరా అవతలికి! ఎప్పుడైనా మజ్జిగ సిలికిన మొగమేనా?" అన్నారు నాగరత్నంగారు. కొంగు బిగించి, కొడుకును పక్కకు నెట్టి, తాడు అందుకున్నారు. కవ్వం తాడు లాగినట్టే ముందుకు, వెనక్కు, తొందర లేకుండా. "ఇప్పుడు ఆనించు. సెయ్యి బిగబట్టకమ్మా, ఎన్న పోద్దా ఏటి?"

ప్రసూన కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుతో చెయ్యి సడలింది, ఉలి కుదురుకుంది. నా పొట్టు ఆమె ఒళ్ళో పడుతోంది. అత్తగారి గాజులు గలగలమంటున్నాయి. కోడలివి గుడ్డ లోపలే గొణుగుతున్నాయి. గాటు పోయేదాకా చెక్కుతూ చెక్కుతూ ప్రసూన నా నడుము సగం చేసేసింది. తాత లక్క పట్టించి, మొగలి ఆకుతో రుద్దితే నేను తళతళలాడాను.

నాగరత్నంగారు నన్ను తిప్పి చూశారు. "దీంతో ఒత్తితే అప్పడం మధ్యన దిబ్బరొట్టె అయిపోద్ది."

అందరూ నవ్వారు. ప్రసూనా నవ్వింది, కానీ ఆమె చూపు ఎదుటి స్టాలు మీదే ఉంది. నన్ను ఆ కాగితంలోనే చుట్టి సంచిలో పెట్టుకుంది.

తర్వాత వారం రోజులు వంటింటి అరలో ఉన్నాను. ప్రసూన రోజూ కాగితం విప్పి చదివేది, మళ్ళీ నాకే చుట్టేది. అత్తగారిని ఒక్క మాటా అడగలేదు.

పదహారో రోజు, శనివారం. పూజ అయ్యాక నాగరత్నంగారు కోడలి చేతులకు బిగువుగా ఉండే సన్నని బంగారు గాజులు ఉంచి, మిగతావి ఒక్కొక్కటే తీశారు.

"నీ కర్ర తే."

ప్రసూన భయంభయంగా తెచ్చింది. ఆవిడ గాజులన్నీ నాకు తొడిగారు. అవి గలగలా జారుతూ వచ్చి, నా నడుము దగ్గర సర్దుకున్నాయి. ఒక్కటీ బయటికి జారలేదు.

"ఈ కాగితం రోజూ సదూతున్నావు, నేను సూణ్ణేదనుకున్నావా? ఆదివారమంటే రేపే కదేటి. ఎల్లు," అన్నారు. నా చివరి గాజును సర్దుతూ, "ఆ కరెంటుదానికి తాడుండదు గందా. నాకేటి పని అక్కడ?"

"మీరు రాకపోతే నన్నెవరు తిడతారత్తయ్యా?"

ఈ ఉదయమే ఇద్దరూ బస్సెక్కారు. వెళ్ళేముందు ప్రసూన దాదాపు ఖాళీ అయిన చేతులు ఊపి అద్దంలో చూసుకుంది. చప్పుడు రాకపోయేసరికి నా గాజులను ఒకసారి కదిపి మరీ వెళ్ళింది.

సాయంత్రానికి ఇంకొకటి పుడుతుందనుకుంటాను. ఈసారి అప్పడాల కర్రగానే పుడుతుందేమో తెలియదు. ఎందుకైనా మంచిదని ఉదయ్ నా కింద మరో రెండు కొక్కేలు కొట్టి ఉంచాడు.