చేతికేసి చూసే కుక్క

ఆడకుక్క గోరీ ఎదకు వచ్చింది. దానికి ఇదే చివరి ఈత అవుతుందని బీరయ్యకు తెలుసు. మూతి నెరిసింది. మిద్దె మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి ఆలోచిస్తోంది. తాతల నాటి నుంచి కల్తీ లేకుండా కాపాడుకొచ్చిన తాజీ వేటకుక్కల నసల్‌లో, ఆ వంశంలో, ఇప్పుడు మిగిలినవి రెండే కుక్కలు. ఒకటి ఈ గోరీ. రెండోది నవాబు ఉండే దేవిడిలోని మొగకుక్క నజర్.

తాజీ వాసన పట్టి వేటాడే కుక్క కాదు. కంటితో వేటాడుతుంది. అందుకే కుక్కపిల్లల చూపు నిలిచే వయసు రాగానే బీరయ్య అరచేతిలో మాంసం ముక్క పెట్టుకుని వాటి ముందు కూర్చునేవాడు. అన్నీ చేతి మీదికి ఎగబడేవి. ఏ ఈతలోనో ఒక పిల్ల మాత్రం చేతిని వదిలేసి అతని భుజం మీదుగా ఎక్కడికో చూసేది. దాన్ని ఉంచుకునేవాడు. నజర్ అట్లా చూసిన కుక్క. నజర్ అంటే చూపు. ఆ చూపును బట్టే దానికి ఆ పేరు పెట్టాడు. జూబిలీ ఏట నవాబుకు నజరానా ఇచ్చుకోవలసి వచ్చినప్పుడు, ఇవ్వదగినది ఇంట్లో మరేదీ లేక దాన్నే ఇచ్చాడు.

"పేరు మంచిగ కుదిరిందిరా. నజర్ అంటేనే సర్కార్‌కు సమర్పించుకునేది," అని దేవిడి లెక్కలు చూసే పేష్కారు వెంకటనారాయణ ఆరోజు నవ్వాడు. బీరయ్య ఆ నవ్వును మరిచిపోలేదు.

ఇప్పుడు గోరీ కోసం ఆ కుక్కను అడగడానికి దేవిడికి వెళ్ళాడు. వరండాలో నవాబు కుర్చీ పక్కన దిండు మీద ఏదో పడుకుని ఉంది. పక్కటెముకలు లెక్కకు అందవలసిన చోట కొవ్వు మడతలు. దాన్ని గుర్తుపట్టడానికి బీరయ్యకు కొంతసేపు పట్టింది.

"నజర్," అని పిలిచాడు. కుక్క చెవి కూడా కదపలేదు.

"డ్యూక్ అని పిలువు," అన్నాడు పేష్కారు. "సర్కార్ పేరు మార్చిండ్రు. నజర్ గిజర్ అంటె గిప్పుడు పలకది."

నవాబు పళ్ళెంలోంచి మలాయి తీసుకుని చెయ్యి పైకెత్తాడు. "డ్యూక్! బీరయ్య కో సలాం కరో."

కుక్క బరువుగా లేచింది. దాని కళ్ళు ఆ వేళ్ళను అంటిపెట్టుకుని ఉన్నాయి. వెనక కాళ్ళ మీద కూర్చుని, ముందరి కాలు నుదుటి దాకా ఎత్తి, మెడ వంచింది.

ఆ మెడ వంగుతున్నప్పుడు బీరయ్యకు తన మెడ వెనక ఏదో తగిలినట్టయింది. తండ్రి అరచెయ్యి. చిన్నతనంలో ఈ వరండాలోనే, "వంచు, ఇంకా వంచు," అని నొక్కిన చెయ్యి. తండ్రి పోయాడు గాని ఆ చెయ్యి పోలేదు.

నవాబు బాగా నవ్వాడు. బీరయ్య గోరీ సంగతి చెప్పుకున్నాడు. "లేకే జావ్. మగర్ పిల్లలల్ల పహ్లీ పసంద్ మాది."

మొగకుక్కను ఇచ్చినవాడు మొదటి పిల్లను ఏరుకోవడం ఆచారమే. "జీ హుజూర్," అన్నాడు బీరయ్య. సలాములు చేస్తూ వెనక్కి నడిచాడు. గేటు దాటేదాకా అతనికి కోపం రాలేదు. వచ్చాక ఆగలేదు.

"ఏందిది పంతులూ? కుక్కనా, కోతినా?" అని వెంట వచ్చిన పేష్కారు మీద విరుచుకుపడ్డాడు. "ఫలక్‌నుమా గుట్ట కింద కుందేలు లేస్తె బాణం లెక్క పోయిన కుక్క గది. మీరు దాన్ని బిచ్చగాన్ని చేసిండ్రు!"

"నాకేం చెప్తవ్‌రా? లోపల సర్కార్ ముంగట నోట్ల నాలుక లేకుండెనా?"

"నాకొద్దు! మీ డ్యూకును మీ తాననే పెట్టుకోండ్రి!"

ఇంట్లో భార్య బుచ్చమ్మ జొన్నరొట్టెలు కొడుతోంది. ఖాళీ చేతులతో వచ్చిన భర్తను చూసి, "కుక్క ఏదయ్యా?" అంది.

"సచ్చింది."

"అయ్యో! ఎప్పుడు?"

"మలాయిల పడి సచ్చింది."

జరిగిందంతా చెప్పాడు. చెబుతూ వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. చెప్పే కొద్దీ గొంతు పెరిగింది. "నసల్ నాతోనే ఆఖరైనా మంచిదే. ఆ సలాం కుక్క నెత్తురు గోరీకి అంటనియ్య!"

బుచ్చమ్మ రొట్టె తిప్పింది. "నేర్పింది నెత్తురుల కలవదని జిందగీ మొత్తం నువ్వే చెప్తివి గద. తోక కోసిన కుక్కకు తోక లేని పిల్లలు పుడ్తయా అని గల్లీ గల్లీల లొల్లి పెట్టుకుంటివి."

"తోక వేరే, మెడ వేరే!"

ఆ మాట అన్నాక అతనికే వింతగా అనిపించింది. తాను అంటున్నది కుక్క మెడ గురించేనా? అవునని తనకు తాను గట్టిగా చెప్పుకున్నాడు. ఆ పనికి కోపం బాగా సాయపడింది. అది మండుతున్నంతసేపు దాని కింద ఉన్నదాన్ని చూడనక్కర్లేదు. కింద ఉన్నది భయం. ఎవరో నొక్కితే వంగిన మెడ, ఆ చెయ్యి తీసేశాక కూడా వంగుతూనే ఉంటే, అది ఇక నేర్పిన విద్య ఎట్లా అవుతుంది? ఎక్కడో లోపలికి దిగి రక్తమైపోదా? అట్లయితే తాను జీవితమంతా నమ్మినదానికి విలువేమిటి?

"నీ మెడను మీ బాపు వంచిండు," అంది బుచ్చమ్మ, అతని మనసులో దూరి చూసినట్టు. "మరి నీ కొడుకు మెడ వంగిందా?"

వంగలేదు. కొడుకు రామ్‌చందర్‌ను దేవిడి కొలువులో పెట్టాలని తీసుకెళ్ళిన రోజు, వాడు సలాం చేయకుండా నిటారుగా నిలబడి నవాబు తలమీదుగా గోడనున్న జింక కొమ్ములకేసి చూశాడు. ఇంటికి వచ్చాక బీరయ్య వాణ్ణి కొట్టాడు. వాడిప్పుడు అఫ్జల్‌గంజ్‌లో మోటార్లు బాగుచేసే షెడ్డులో పని చేసుకుంటూ అక్కడే ఉంటున్నాడు.

"ఇంట్ల ఒక్కడు దూరం చూస్తె కొట్టి ఎల్లగొడ్తివి," అంది బుచ్చమ్మ. "గిప్పుడు కుక్కపిల్లల కండ్లల్ల ఎతుకుతున్నవ్."

బీరయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఎవరి మీదో తెలియని కోపంతో మళ్ళీ దేవిడికి నడిచాడు. మళ్ళీ సలాములు చేశాడు. కుక్కను తీసుకొచ్చాడు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అది బుచ్చమ్మ రొట్టె కొట్టే చేతినే చూస్తూ కూర్చుంది. బీరయ్య దాని ముఖం చూడలేదు.

వానలు పడుతుండగా గోరీ నాలుగు పిల్లల్ని ఈనింది. వాటికి చూపు నిలిచింది. మాంసం ముక్క పట్టుకుని కూర్చోవలసిన రోజు వచ్చింది, దాటిపోయింది. బీరయ్యకు చెయ్యి చాపడానికి ధైర్యం చాలలేదు.

చివరికి చెయ్యి చాపినవాడు పేష్కారు. దేవిడి తరఫున పిల్లను ఏరుకోవడానికి మిద్దె మీదికి వచ్చి, వంగి, బిస్కెట్టు ముక్క చూపించాడు. మూడు పిల్లలు తోసుకుంటూ పరిగెత్తాయి. నాలుగోది కూర్చున్న చోటే కూర్చుంది. ఎవరివో పావురాల గుంపు ఇళ్ళ కప్పులు దాటి ఫలక్‌నుమా వైపు తిరుగుతోంది. పిల్ల మెడ నిలిపి, రెప్ప వేయకుండా, దాన్నే చూస్తోంది.

నజర్ ఒకప్పుడు చూసినట్టే.

"గీ పిల్లకు కండ్లు కనవడ్తలేవా ఏంది?" అన్నాడు పేష్కారు. "చెయ్యి గిక్కడుంటె ఎటో చూస్తది."

"అవు పంతులూ," అన్నాడు బీరయ్య. "జర గుడ్డిదే."

బుచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పేష్కారు తన వేళ్ళు నాకుతున్న పిల్లను చంకలో పెట్టుకున్నాడు. "గిదీ అసల్ నసల్ అంటె! ఎట్ల గుర్తువట్టిందో చూడు."

బీరయ్యకు ఒళ్ళు మండిపోయింది. దొరికిన ఒక్కగానొక్క తాజీని తన నోటితో గుడ్డిదని అనవలసి వచ్చింది. కాదని అరిస్తే దాన్నీ పట్టుకుపోతారు. మాట మింగాడు.

పేష్కారు మెట్ల దగ్గర ఆగి తిరిగి చూశాడు. దేవిడి మనిషికి చేసిన సలాం సర్కార్‌కు చేసినట్టే. అతను ఎదురుచూస్తున్నాడు.

బీరయ్య రెండు చేతుల్లోనూ ఆ నాలుగో పిల్ల ఉంది. ఎప్పుడు ఎత్తుకుని భుజానికి ఆనించుకున్నాడో అతనికే తెలియదు. సలాం చేయడానికి చెయ్యి ఖాళీ లేదు. అందుకే ఎత్తుకున్నాడేమో.

అయినా మెడ వంగింది. పళ్ళు బిగబట్టి ఆపబోయాడు. ఆగలేదు.

వంగిన ఆ మెడ మీదుగా పిల్ల పావురాలకేసి చూస్తూనే ఉంది.