కుసుమకుమారి కొన్న వి.బి. పుస్తకం

తిత్లీ తుపాను వచ్చి వెళ్ళిన నాలుగు నెలలకు, ఫిబ్రవరిలో ఒక ఆదివారం, కుసుమకుమారి పలాసలో పాసింజరెక్కి ఒక పుస్తకం కోసం విజయనగరం వెళ్ళింది.

ఆమె ఉద్దానంలో ఒక ట్రస్టు నడిపే డయాలసిస్ కేంద్రంలో కంప్యూటర్ ఆపరేటరు. ఆపరేటరంటే పెద్ద పనేం కాదు. వచ్చిన మనిషి పేరు, కార్డు నంబరు, బరువు, బి.పి., ఇచ్చిన మందులు రిజిస్టరులో రాయడం, తీరికైనప్పుడు అదే కంప్యూటర్లో ఎక్కించడం. నాలుగేళ్ళుగా అదే చేస్తోంది. తుపానుకు కేంద్రం మీది రేకులు లేచిపోయాయి. కంప్యూటర్ తడిసి పాడైపోయింది, అందులో ఉన్నవన్నీ దానితోపాటే పోయాయి. బీరువాలో అడుగున ఉన్న రిజిస్టర్లు నాని పేజీలు అంటుకుపోయాయి. కరెంటు లేని ఆ రోజుల్లో ఆమె వాకిట్లో చాప పరిచి, రిజిస్టర్లను ఎండలో పెట్టి, ఒక్కో పేజీ గోటితో విడదీసింది. సిరా పాకింది కాని అంకెలు ఆనుతున్నాయి. డిసెంబరులో ట్రస్టువాళ్ళు కొత్త కంప్యూటర్ పంపారు. అందులో ఏమీ లేదు.

జనవరిలో విశాఖ నుంచి నెలకోసారి వచ్చే డాక్టరుగారు జగన్నాధాన్ని పరీక్ష చేస్తూ ఒక ప్రశ్న అడిగారు. రెండేళ్ళ కిందట ఏదో ఇంజెక్షన్ పడక ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయన్నావే, అది ఏ ఇంజెక్షన్? జగన్నాధానికి తెలీదు. యాభై దాటిన మనిషి, జీడితోట రైతు. సోమవారం, గురువారం వస్తాడు. తన కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో దాచుకునేవాడు, ఇంటి గోడ కూలినప్పుడు ఆ కవరు మట్టిలో కలిసిపోయింది.

కుసుమకుమారి రిజిస్టర్లు ముందేసుకుంది. మధ్యాహ్నమంతా వెతికి, సాయంత్రానికి ఆ పేజీ పట్టుకుంది. అప్పటికి డాక్టరుగారి కారు వెళ్ళిపోయి గంటన్నర అయింది.

"పోనీలేయే అమ్మీ," అన్నాడు జగన్నాధం. "మళ్ళీ నెల్లో సెప్దుం."

కాని ఆమెకు ఆ రోజు నుంచి మనసు కుదురుగా లేదు. రిజిస్టర్లన్నీ ఒక డేటాబేస్‌లోకి ఎక్కించి, దాని ముందు చిన్న ప్రోగ్రాము ఒకటి రాస్తే, కార్డు నంబరు కొట్టగానే ఆ మనిషి నాలుగేళ్ళ సంగతి తెర మీదికి వస్తుంది. డిగ్రీలో విజువల్ బేసిక్, అదే వి.బి., అనే కంప్యూటర్ భాషలో అలాంటిదే ల్యాబులో చేయించారు. అప్పుడు బట్టీ పట్టి రాసింది, ఇప్పుడు ఒక్క లైను గుర్తు లేదు. మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర సందులో నాగబాబు అనే పెద్దాయన పుస్తకాల కొట్టు ఉంది.

"ఏటమ్మా, డీయస్సీ గైడా?" అన్నాడు ఆయన.

"కాదండి. వి.బి.తో యాక్సెస్ డేటాబేస్‌ని కలపడం నేర్పే పుస్తకం ఏదైనా కావాలి."

"అవిప్పుడు ఎవులూ అడగడం నేదమ్మా. పిల్లలందరూ పైతాన్ అంటన్నారు. ఉండు, సూద్దాం."

చివరికి ఆయన వెనక అర నుంచి రెండు పుస్తకాలు తీసి, గుడ్డతో దుమ్ము తుడిచి బల్ల మీద పెట్టాడు. ఒకటి ఇటుకంత లావు, ఇంగ్లీషు. డేటాబేస్ సంగతి ఆరువందల పేజీ దాటాక గాని మొదలుకాదు. కుసుమకుమారి మధ్యలో ఒక పేరా మూడుసార్లు చదివింది. మాటలన్నీ తెలిసినవే, కలిపి చదివితే ఏమీ బోధపడలేదు. రెండోది పలచటి తెలుగు పుస్తకం. ఎప్పుడో ఒక కంప్యూటర్ సెంటరువాళ్ళు సొంతంగా అచ్చు వేయించుకున్నది. తొమ్మిదో పాఠం పేరు 'డేటాబేస్‌తో కనెక్షన్'. పద్నాలుగు పేజీలు. ఎక్కడ ఏ బటన్ పెట్టాలో, దాని కింద ఏం రాయాలో బొమ్మలు వేసి మరీ చెప్పారు.

"నిజం సెప్తన్నాను ఇను," అన్నాడు నాగబాబు. "తెలుగుది పాతది. ఏసినోళ్ళే ఇప్పుడు నేరు. లావుది కొత్తది. కాని సదివితేనే కదా కొత్తదైనా పాతదైనా."

రెండూ కొనే స్తోమత ఆమెకు లేదు. అరగంట సేపు ఒకదాని తర్వాత ఒకటి తిరగేస్తూ నిలబడింది. తిరుగు బండి వేళవుతుంటే తెలుగు పుస్తకమే తీసుకుంది. పాతదైతే ఏమిటి, అంకెలు అంకెలే కదా అనుకుంది.

మధ్యాహ్నం ఒక విడత మనుషులు మంచాల మీద పడుకున్నాక, యంత్రాల చప్పుడు తప్ప మరేమీ వినిపించని వేళ ఆమె పుస్తకం తెరిచేది. వారం తిరిగేసరికి టేబుల్ తయారుచేసి, ముప్పై మంది పేర్లు ఎక్కించింది. ఒక గురువారం జగన్నాధం మంచం మీద నుంచి పిలిచాడు. ఎడమ చేతికి సూదులున్నాయి, కుడి చెయ్యి ఖాళీ.

"ఆ పుస్తకం ఇలగివ్వే. నాలుగ్గంటలు ఆ రేకులు సూసుకోని పడుంటన్నాను."

ఆయన పదో తరగతి దాకా చదివాడు. పెదాలు కదుపుతూ నెమ్మదిగా చదివి నవ్వాడు.

"డేటాబేస్ అంటే బీరువాట. టేబులంటే దాన్లో అరట. నువ్వు రాసే పోగ్రాము బీరువా తలుపు తీసే మనిషట. బాగానే సెప్పినాడే."

"ఆ తలుపు తియ్యడమే తొమ్మిదో పాఠం, మావా."

"అయితే తియ్యి మరి, సూద్దుం."

ఆ తలుపు తెరుచుకోలేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కొట్టి బటన్ నొక్కితే, తెర మధ్యలో చిన్న పెట్టె ఒకటి వచ్చేది. ఈ మెషిన్‌లో ప్రొవైడర్ రిజిస్టర్ కాలేదు అని దాని అర్థం. అలాంటి పెట్టె గురించి పుస్తకంలో ఒక్క ముక్క లేదు. తప్పు తన టైపులోనే ఉందనుకుంది కుసుమకుమారి. సోమవారం జగన్నాధం పుస్తకం పట్టుకుని ఒక్కో అక్షరం చదివాడు, ఆమె తెర మీద వేలు పెట్టి సరిచూసుకుంది.

"సుక్క. కామా. సమానం గుర్తు. మళ్ళీ సుక్క."

"ఉంది మావా."

"అన్నీ ఉన్నాయి కదే. మరేటి దీనికి?"

మార్చి మొదటి వారం వరకూ అలాగే గడిచింది. ఆ పాఠం ఎన్నిసార్లు మొదటి నుంచి చేసినా అదే పెట్టె. డిగ్రీలో మార్కులు వేసి పంపేశారు గాని తనకు నిజంగా ఏమీ రాదనీ, రాని పనికి దిగిందనీ ఆమెకు అనిపించసాగింది. పక్క మంచం తవిటమ్మ వచ్చినప్పుడల్లా అడిగేది, "నాది ఎక్కించీసినావేటి?" అని. ఎక్కించాను పిన్నీ అనేది. ఎక్కించిందే. చూపించడమే చేతకావడం లేదు.

మళ్ళీ ఆదివారం విజయనగరం వెళ్ళింది. నాగబాబుకు సంగతంతా చెప్పింది. ఆయన లావు పుస్తకం తీసి ఆమె చేతికిచ్చి, కూర్చోమని స్టూలు జరిపాడు. రెండు గంటలు వేలు పెట్టి చదివితే, ఆరువందల ముప్పయ్యో పేజీ దగ్గర, గీతల చట్రంలో చిన్న అక్షరాలతో నాలుగు లైన్లు కనబడ్డాయి. ఆ పెట్టె ప్రొవైడర్ అన్నది ప్రోగ్రామును డేటాబేస్‌తో కలిపే కనెక్టరునే; పాతది కొత్తరకం కంప్యూటర్లలో పని చెయ్యదు, ఇంకోటి వేసుకోవాలి. దాని పేరు కూడా ఉంది. తప్పు ఆమెది కాదు. ఒక చిన్న కాగితం మీద ఆ పేరు రాసుకుంది.

"ఆవేళే ఇది అట్టుకెళ్ళిపోవలసింది," అన్నాడు నాగబాబు నొచ్చుకుంటూ.

"తీసుకెళ్ళినా ఈ పేజీకి రావడానికి నాకు ఏడాది పట్టేదండి."

సోమవారం పొద్దున్నే ఆ కనెక్టరు వెయ్యబోతే కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది. అది ట్రస్టు పెద్దాఫీసు దగ్గర ఉంటుంది. ఫోన్ చేసింది. అవతలి మనిషి ఓపిగ్గానే విన్నాడు.

"అందులో ఏమీ వెయ్యకండమ్మా. ఏప్రిల్ ఒకటి నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ వస్తోంది. మీరు పేరు కొడితే చాలు, అన్నీ అదే చూసుకుంటుంది."

"పాత వివరాలు అందులో ఎక్కించుకోవచ్చా సార్? నాలుగేళ్ళవి రిజిస్టర్లున్నాయి."

"ఆ వీలు లేదు. అందరికీ ఆ రోజు నుంచే మొదలు."

ఆమె ఆ మాట జగన్నాధానికి చెప్పింది. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో. ఆయన యంత్రంలో తిరిగే తన రక్తం వంక చూశాడు.

"అంటే, ఏప్రిల్లోనే నాకు రోగం వస్తాదన్నమాట," అన్నాడు. పుస్తకం ఇమ్మని మళ్ళీ అడగలేదు.

కొత్త సాఫ్ట్‌వేర్ వేసిన కుర్రాళ్ళు ఆమె టేబుల్‌ను, ముప్పై మంది పేర్లనూ చెరిపేశారు. రిజిస్టర్లను ఒక వ్యానులో పడేసుకుని తీసుకుపోయారు. ఎక్కడికని అడిగితే గోడౌనుకన్నారు. ఏ ఊరి గోడౌనో వాళ్ళకూ తెలీదు.

ఆ నెల వచ్చిన డాక్టరుగారు కొత్తాయన. తెర చూసి, "ఇప్పుడే మొదలైందా నీకు డయాలసిస్?" అని జగన్నాధాన్ని అడిగారు.

"నాలుగేళ్ళు దాటిపోనాది బాబూ. ఓ ఇంజక్షను నాకు పడదు కూడా," అన్నాడాయన. కుసుమకుమారి ఆ ఇంజెక్షన్ పేరు చెప్పింది. డాక్టరుగారు తలూపి దాన్ని మందుల చీటీ మీద ఒక మూల రాశారు. సాఫ్ట్‌వేర్‌లో అది రాసే చోటు లేదు.

జూన్ నెలలో జగన్నాధం రెండు విడతలు రాలేదు. మూడోసారి ఆటోలో తెచ్చారు, ఊపిరి ఆడటం లేదు. శ్రీకాకుళం తీసుకుపొమ్మన్నారు. దారిలో నరసన్నపేట దాటాక పోయాడని మర్నాడు తెలిసింది.

పదిహేను రోజులకు ఆయన భార్య జగ్గమ్మ కేంద్రానికి వచ్చింది. ఆవిడ ఎప్పుడూ లోపలికి వచ్చేది కాదు, వేప చెట్టు కింద కూర్చునేది. ఆ రోజు బల్ల దగ్గరకొచ్చి నిలబడింది.

"సర్కారు సాయం డబ్బులకి ఆఫీసోళ్ళు కాగితం అడిగినారే అమ్మా. ఎన్నాళ్ళు ఇక్కడ సూపించుకున్నాడో అందులో రాసి ఉండాలట."

కుసుమకుమారి కార్డు నంబరు కొట్టింది. ప్రింటరు ఒక కాగితం ఇచ్చింది. మొదటి తేదీ ఏప్రిల్ ఒకటి. ఆఖరి తేదీ జూన్ ఇరవై. తన చేత్తో దాని మీద మరేదైనా రాస్తే ఆ కాగితం చెల్లదు.

"అంతా ఉందేటి ఇందులో?" జగ్గమ్మ అడిగింది.

"లేదత్తా. మూడు నెలలే ఉంది. ముందుది లేదు."

"నాలుగేళ్ళు నానే కదా తీసుకొచ్చినాను."

"నాకు తెలుసు అత్తా."

జగ్గమ్మ కాగితం వంక చూసింది. చదవడం రాదు. నాలుగు మడతలు పెట్టి, బొడ్లో దోపుకుంది. కిటికీలోంచి రోడ్డు వైపు చూసింది.

"మా ఊరి బస్సు ఎల్లిపోనాదేటే?"

"ఇంకా రాలేదు. కూర్చో అత్తా, ఇక్కడే కూర్చో."

జగ్గమ్మ కూర్చోలేదు. బయటికి వెళ్ళి, చెట్టు దాటి, రోడ్డు పక్కన నిలబడింది. లోపల రెండో విడతవాళ్ళు వస్తున్నారు. కుసుమకుమారి మొదటి మనిషి కార్డు అందుకుని నంబరు కొట్టడం మొదలుపెట్టింది.