జున్ను మీద బొగ్గు

నాగమల్లేశ్వరి బర్రె మంగళవారం తెల్లారేసరికి ఈనింది. దూడ ఇంకా నాలుగు కాళ్ళ మీద నిలబడనే లేదు, ఆమె కతర్‌లో ఉన్న షాయిస్తాకు ఫోన్ చేసి కబురు చెప్పేసింది. బర్రె పక్కన కాపలా కూర్చున్న మొగుడు కోటేశ్వరరావు తలెత్తి చూశాడు.

"తోడబుట్టినోళ్ళకు గూడ చెప్పకుండా ముందు దుబాయికి చెప్తావేందే?"

"దుబాయి కాదు, కతర్."

"ఏదైతే ఏంది, బర్రెను ఆడికి తోలుకపోవాల్నా?"

తోలుకుపోయే వీలుంటే నాగమల్లేశ్వరి తోలుకుపోయేదే.

షాయిస్తా వాళ్ళమ్మ కుల్సుమ్ ఇరవై రెండేళ్ళు వీళ్ళ గోడ అవతలి మనిషి. భర్త మొహిద్దీన్ బాషా పలకల ఫ్యాక్టరీలో మేస్త్రీ. ఆయన కిందటేడు పోయాక కూతురు తల్లిని తన దగ్గరికి తీసుకుపోయింది. అక్కడికి పోయిన నాలుగు నెలలకే కుల్సుమ్‌కు గొంతులో జబ్బు బయటపడింది. మందుల వేడికి నోరు చచ్చిపోయి, ఏం పెట్టినా మట్టి తిన్నట్టుందని పళ్ళెం తోసేస్తోందట. "అమ్మ ఏమీ అడగదు పిన్నమ్మా. నిన్న మాత్రం, మల్లి బర్రె ఈనిందా అని అడిగింది" అని షాయిస్తా పది రోజుల కింద చెప్పింది.

ఆ ప్రశ్న ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

బర్రె ఈనిన ప్రతిసారీ మొదటి గిన్నె జున్ను గోడ మీదుగా కుల్సుమ్‌కు పోయేది. గిన్నె కుల్సుమ్‌దే, అంచు మీద ఉర్దూలో పేరు కొట్టించి ఉంటుంది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని ఇద్దరికీ పట్టింపు. అందుకని ఆ గిన్నె ఇటు జున్నుతో, అటు సేమ్యాతో, ఇటు గోంగూర పచ్చడితో, అటు నిమ్మకాయలతో ఇరవై రెండేళ్ళు గోడెక్కి దిగింది. రెండిళ్ళ మనుషులకన్నా అదే ఎక్కువ తిరిగింది.

రెండేళ్ళ కింద బర్రె మెడ చాచి, గోడ మీద ఆరేసిన షాయిస్తా పెళ్ళి దుపట్టాను సగం నమిలేసింది. "నీ బర్రెకు నీ బుద్ధే వచ్చినాది" అంది కుల్సుమ్. "బర్రెకైనా బుద్ధి ఉన్నాది" అంది నాగమల్లేశ్వరి. ఇద్దరిలో ఎవరో ఒకరు నవ్వి ఉంటే అయిపోయేది. ఇద్దరూ నవ్వు ఆపుకున్నారు. ఆ నెలలోనే బర్రె ఈనింది. నాగమల్లేశ్వరి జున్ను పళ్ళెం పట్టుకుని వీధిలో ప్రతి ఇంటికీ ఎక్కి దిగింది, ఒక్క కుల్సుమ్ గడప తప్ప. కుల్సుమ్ గుమ్మంలోనే నిలబడి ఉంది. నాగమల్లేశ్వరి అటు చూడలేదు. చూడకుండా ఉండేసరికి మెడ నొప్పి పుట్టింది. ఆ తర్వాత మొహిద్దీన్ బాషా పోవడం, ఇల్లు తాళం పడటం, అన్నీ వరసగా జరిగిపోయాయి. గిన్నె మాత్రం నాగమల్లేశ్వరి అలమరలోనే ఉండిపోయింది.

బస్టాండు రోడ్డులో వరప్రసాదం కార్గో దుకాణం ఉంది. అతను పచ్చళ్ళూ అరిసెలూ విదేశాలకు పంపుతాడు. ఈ మధ్య గడ్డకట్టించిన తిండి కూడా విమానంలో పంపుతున్నానని బోర్డు రాయించాడు. నాగమల్లేశ్వరి ముందుగానే పోయి అన్నీ కనుక్కుంది.

"ఫ్రీజర్‌లో రాయి మాదిరి గట్టిపడాలక్కా. నేను గాలి తీసేసి ప్యాక్ చేస్తా. థర్మాకోల్ పెట్టెలో డ్రై ఐస్ వేస్తా. ఈడ సాయంత్రం బండెక్కితే, తెల్లారి హైదరాబాదు, మర్నాటికి ఆయమ్మ ఇంటికాడ."

"ఈ గిన్నెలోనే పెట్టి పంపు నాయనా."

అతను గిన్నెను అటూ ఇటూ తిప్పి చూశాడు. "స్టీలు గిన్నె ప్యాకింగ్‌కు రాదక్కా. ప్లాస్టిక్ ట్రేలోనే."

అక్కడే సగం ఉత్సాహం చచ్చింది. అయినా బుధవారం పొద్దున్నే జున్ను పాలల్లో బెల్లం కలిపి, మిరియాలూ యాలకులూ దంచి వేసి, ఆవిరి మీద ఉడికించింది. కుల్సుమ్ నోట్లో పడ్డాకే తాను తింటానని మనసులో అనుకుంది. కోటేశ్వరరావుకు అటువంటి నియమాలేమీ లేవు. ఆయన రెండు ముక్కలు తిని మూడోది అడిగాడు.

గురువారం మధ్యాహ్నం, రాయిలా గట్టిపడిన జున్నును తడిగుడ్డల్లో చుట్టుకుని ఆటోలో దుకాణానికి వెళ్ళింది. వరప్రసాదం దాన్ని పెట్టెలో సర్ది, పొగలు కక్కే ఐసు ముక్కలు వేశాడు. తర్వాత కాగితం తీసి చదివాడు.

"లైటర్లు, బ్యాటరీలు, రంగులు, మండే వస్తువులు ఏమన్నా ఉన్నాయాక్కా?"

"జున్నులో మండేదేముంటాది నాయనా, మిరియం తప్ప."

"అయితే ఈడ సంతకం పెట్టు."

పెట్టింది. అతను టేపు కోసం లోపలి గదిలోకి పోయాడు. నాగమల్లేశ్వరి కొంగుముడి విప్పి, కాగితంలో చుట్టిన బొగ్గు ముక్కను తీసింది. పాలతో చేసింది గడప దాటితే మీద బొగ్గు ముక్క పెట్టాలి, లేకపోతే దిష్టి తగులుతుంది. పక్క వీధికి పోయేదానికే పెడతారు. ఇది సముద్రం దాటి పోతోంది. ఎంతమంది చేతులో, ఎన్ని కళ్ళో. మూత కొంచెం ఎత్తి ట్రే పక్కన దూర్చేసింది. బొగ్గు మండే వస్తువని ఆమెకు తట్టనే లేదు. అది ఇదివరకే మండి ఆరిపోయిన వస్తువు కదా. వరప్రసాదం వచ్చి టేపు వేశాడు.

శనివారం మధ్యాహ్నం అతని ఫోన్ వచ్చింది.

"అక్కా, పెట్టెలో నల్లగా ఏమన్నా పెట్టినావా?"

"బొగ్గు... చిన్న ముక్క. దిష్టికి."

"విమానంలో బొగ్గు పోనీరక్కా. దానంతటదే రాజుకుంటాదంట. లేదని సంతకం చేసి లోపల పెట్టినామని హైదరాబాదులోనే పెట్టెను పక్కన పడేసినారు. ఐసు అయిపోయినాది. జున్ను నీళ్ళు కారిందని పారేసినారంట."

"నేనొచ్చి చెప్తే?"

"ఏం చెప్తావక్కా? దిష్టి అనా?"

ఆమె ఫోన్ పెట్టేసి నేరుగా దొడ్లోకి పోయింది. అప్పుడే పాలు పిండిన కోటేశ్వరరావు బకెట్‌లో చెయ్యి ముంచి చూపించాడు. పాలు తెల్లగా పలచబడ్డాయి. ఇంక కాస్తే విరగవు, పేరుకోవు, కాఫీకి పనికొస్తాయి.

"మళ్ళీ ఎప్పుడు ఈనుతాది?"

"ఇప్పుడే గదే ఈనింది, దాన్ని ఊపిరి పీల్చుకోనీ. ఏడాది పైనే పడుతుంది."

సాయంత్రం షాయిస్తా ఫోన్ చేసింది. నాగమల్లేశ్వరి నాలుగు అబద్ధాలు సిద్ధం చేసుకుంది. విమానం ఆలస్యమైందని ఒకటి, వరప్రసాదం మీదికి నెట్టేది ఇంకొకటి. కానీ ఫోన్లో వినపడిన గొంతు షాయిస్తాది కాదు. జల్లెడలో పట్టినట్టు సన్నగా ఉంది.

"మల్లీ, జున్నొస్తాందంట గదా. పిల్ల చెప్పింది."

సిద్ధం చేసుకున్న నాలుగూ పనికి రాలేదు. "రాదక్కా. పారేసినారు. నేనే దాంట్లో బొగ్గు ముక్క పెట్టినా."

కుల్సుమ్ నవ్విందో దగ్గిందో తెలియలేదు. "అరె, ఈసారి గూడానా?"

నాగమల్లేశ్వరి ఫోన్ చెవికి నొక్కుకుంది.

"ఆ పొద్దు నా గుమ్మం ముందర పోయినావే, పళ్ళెం మీద బొగ్గు కనపడేటట్టు పెట్టుకుని. చూసినాలే. ఇరవై రెండేళ్ళు నా కంటికి బొగ్గు పెట్టలేదు నువ్వు."

నిజమే. గోడ మీదుగా పోయే గిన్నెలో ఏనాడూ బొగ్గు వేయలేదు. అది ఇంట్లోంచి ఇంట్లోకి పోయినట్టే. ఆ రోజు మాత్రం ఏరి ఏరి పెద్ద ముక్క తెచ్చి జున్ను మీద నిలబెట్టింది. నీ కంటి దిష్టికే ఇది అన్నట్టు, కుల్సుమ్ చూడాలనే నిలబెట్టింది. చూడలేదులే అని రెండేళ్ళుగా తనకు తాను చెప్పుకుంటోంది.

"అక్కా, నీ గిన్నె నా కాడనే ఉన్నాది" అంది. చెప్పాల్సింది అది కాదు.

"ఉండనీలే. ఖాళీ గిన్నె నాకెందుకు?"

"మళ్ళా ఈతకు పంపుతా. బొగ్గు పెట్టను, ఒట్టు."

"ఎప్పుడు ఈనుతాది?"

ఏడాది పైనే అని చెప్పడానికి నాగమల్లేశ్వరికి నోరు రాలేదు. ఎందుకు చెప్పలేదో కుల్సుమ్‌కూ అర్థమైంది. అవతల ఎవరో గ్లాసు అందించిన చప్పుడు, గుటక వేయలేక వేసిన చప్పుడు వినిపించాయి.

"పోనీలే. ఎట్ల కుదిరింది, అదన్నా చెప్పు" అంది కుల్సుమ్.

నాగమల్లేశ్వరి ఆ జున్ను నోట్లో పెట్టుకోలేదు. అలమరలో గిన్నె కేసి చూస్తూ, "గట్టిగా పేరుకున్నాదక్కా. చాకుతో కోస్తే ముక్క ముక్కగా వచ్చినాది. బెల్లం సరిపోయింది. మిరియాలే కొంచెం ఎక్కువైనాయి" అంది.

"నీకెప్పుడూ మిరియాలు ఎక్కువే" అంది కుల్సుమ్, నోట్లో ఏదో ఉన్నట్టు నెమ్మదిగా.