రాతి మీసం

విగ్రహం మీది గోనెపట్టా తీయగానే మల్లీశ్వరికి ఒళ్లు మండిపోయింది.

దుర్గి ఊరి శిల్పి లక్ష్మీనారాయణ పనికి వంక పెట్టేందుకేమీ లేదు. ఆ నుదురు, ఆ ముక్కు అచ్చం పోయిన తన మొగుడు నాగేశ్వరరావువే. కానీ ముక్కు కింద గుబురుగా, చెవుల దాకా మెలితిరిగిన మీసం ఉంది.

"ఇది ఎవరు పెట్టమన్నారు?"

"నేనే వదినా," అన్నాడు మరిది కోటేశ్వరరావు, తన మీసం సవరించుకుంటూ. "పాత ఫోటో ఇచ్చా. అన్నంటే ఊరికి గుర్తొచ్చేది అదే గదా."

అదేనట! ఆ మీసం తిప్పుకుంటూ నాగేశ్వరరావు ముందు నడిచిన రోజుల్లోనే, అతని వెనక తిరిగినవాళ్లు ఎదుటి పార్టీ పున్నయ్యని నడిబజార్లో నరికారు. పున్నయ్య పెళ్లాం కరుణమ్మ ఏడుపు విన్నాక నాగేశ్వరరావుకి అన్నం సయించలేదు. కోర్టుకెళ్లి తనవాళ్ల మీదే సాక్ష్యం చెప్పాడు. కోటప్పకొండలో తలనీలాలతో పాటు మీసమూ ఇచ్చేసి వచ్చాడు. జుట్టు మళ్లీ వచ్చింది. మీసాన్ని మాత్రం చచ్చేదాకా రానివ్వలేదు, రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి గీసేసేవాడు. చేతకానివాడని ఊరు నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది ఈ తమ్ముడే. ఇప్పుడు ఎన్నికల్లో నిలబడేసరికి వీడికి సిగ్గులేకుండా అన్న కావలసి వచ్చాడు, అదీ మీసమున్న అన్న.

అది చాలదన్నట్టు, ఈ మరిది ఇంటర్ చదివే ఆమె కొడుకు హర్ష నూనూగు మీసం మెలేసి, "మా అన్న రక్తంరా నువ్వు" అంటున్నాడు. ఈ రాతిమనిషిని మూడు రోడ్ల కూడలిలో నిలబెడితే వాడు రోజూ దీన్నే చూస్తూ పెరుగుతాడు.

"తీసెయ్యి లక్ష్మీనారాయణా."

"తీయొచ్చమ్మా. రాయి గదా, తీస్తే మళ్లీ పెట్టలేం," అంటూ శిల్పి కోటేశ్వరరావు వైపు చూశాడు.

"మీసం లేకపోతే అన్నని ఎవరు గుర్తుపడతారు వదినా?"

"కరుణమ్మ గుర్తుపట్టిద్ది. ఆయన పాడె వెనక ఏడ్చుకుంటా వచ్చింది ఆమె. నువ్వు రాలేదు. నీకెట్టా తెలుసుద్దిలే ఆయన మొహం."

"ఊళ్లో పరువు పోద్ది."

"నీ పరువు నీ మూతి మీద పెట్టుకో. నా మొగుడి మూతి మీద పెట్టబాక."

శిల్పి కదల్లేదు. మల్లీశ్వరి కొంగు బిగించి, అతని చేతిలోని ఉలి, సుత్తి లాక్కుంది.

"ఆయన రోజూ తీసినోడు. నేను ఒక్కసారి తీయలేనా?"

ఒకే దెబ్బకి సగం మీసం ఊడి కోటేశ్వరరావు చెప్పుల దగ్గర పడింది. అతను నోరు తెరిచేలోపే ఆమె ఉలిని రెండో వైపుకి మార్చింది.